పాత కారుకు ముందే రంగు వేయించకండి

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లు కొని ఇంటికి తెచ్చుకుంటున్న మన జిల్లా కుర్రాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పలమనేరు వైపు తోటల్లో, చిత్తూరు పాత ఇళ్ల వెనక షెడ్లలో మిగిలిపోయిన అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు తూకానికి పోకుండా ఎవరో ఒకరు ఆదుకుంటున్నారంటే చాలా సంతోషం. కానీ బండి తేగానే టింకరింగ్, పెయింటింగ్ షెడ్డుకు పంపమని అందులో ఇచ్చిన సలహా మాత్రం తప్పు. మన ప్రాంతంలో సగంలో ఆగిపోయిన బండ్లలో ఎక్కువ భాగం ఈ క్రమం వల్లే ఆగిపోయాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రంగు ముందు వేయిస్తే ఏమవుతుంది? తర్వాత ఫ్లోర్ రేకు కుళ్లిందని తెలిసి వెల్డింగ్ పెట్టాల్సి వస్తుంది, ఆ వేడికి పైన రంగు పొంగుతుంది. ఇంజిన్ దించి ఎక్కించేటప్పుడు చైను తగిలి ఫెండర్లు గీసుకుపోతాయి. బ్రేకులకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ విప్పినప్పుడు చుక్క బ్రేక్ ఆయిల్ పడినా ఆ చోట రంగు ఊడిపోతుంది. అన్నిటికీ మించి, చేతిలో ఉన్న డబ్బంతా మెరుపుకే అయిపోతుంది. కదలని కారు కొత్త రంగుతో ఇంటి ముందు నిలబడుతుంది, రెండు వానాకాలాలకు ఆ రంగు కింద నుంచే తుప్పు బుడగలు లేస్తాయి.

అసలు మొదటి పని బేరం కన్నా ముందే మొదలవుతుంది. ఆర్సీలో ఉన్న ఇంజిన్, చాసిస్ నంబర్లు బండి మీదున్న నంబర్లతో పొల్లు పోకుండా కలవాలి. చాసిస్ నంబరు ప్లేటు బానెట్ ఎత్తితే కనిపిస్తుంది, ఇంజిన్ నంబరు బ్లాకు పక్కన ఉంటుంది. వాటి మీద గ్రీజు పేరుకుంటే కిరోసిన్ గుడ్డతో నానబెట్టి తుడవాలి. స్క్రూడ్రైవర్‌తో గీకారంటే, నంబరు దిద్దారేమోనని రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనుమానిస్తారు, ఆ అనుమానం తీర్చడం చాలా కష్టం. తుడిచాక పల్చటి కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయండి. ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చూసుకోండి. 3, 8 ఒకేలా కనిపిస్తాయి. వెనకటి గుమాస్తా చేతిరాతలో 1, 7 కూడా అంతే.

పెట్రోల్ అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ బిగించుకోవడం ఒకప్పుడు మామూలే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కించి ఉంటే చిక్కు లేదు. ఎక్కించకపోతే, అనుమతి లేకుండా బండిలో మార్పులు చేయకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అలాంటి బండి ఎంత చవకగా వచ్చినా, దాని పాత ఇంజిన్ అదే షెడ్డులో మూలన పడి లేకపోతే వదిలేయడం మంచిది.

యజమాని బతికుంటే పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు చాలు. మన దగ్గర చాలా బండ్లు తాతల పేరు మీదే ఉండిపోయాయి. అప్పుడు ముందు వారసుడి పేరుకు ఫారం 31తో మారాలి. మనవడు బయానా తీసుకున్నంత మాత్రాన సరిపోదు. మిగతా వారసులు ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చేతికి రావాలి. వేలూరు నుంచో బెంగళూరు నుంచో తెస్తుంటే అక్కడి ఆర్టీవో ఆఫీసులో ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే బండి కదిలించండి. పాత ఆర్సీ వెనక పేజీలో ఫైనాన్స్ కంపెనీ ముద్ర ఉందేమో తప్పకుండా చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, కానీ ఫారం 35 ఇచ్చి ఆ ముద్ర కొట్టేయించి ఉండరు. ఇప్పుడు ఆ కంపెనీయే లేకపోతే కాగితం ఎవరిస్తారు? ఆ బాధ అమ్మేవారి మీదే ఉంచండి, మీ నెత్తిన వేసుకోకండి.

కాగితాలు కుదిరాక రేకు సంగతి. అంబాసిడర్, ఫియట్ రెండిటికీ విడిగా చాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే బలం. కాబట్టి డోరు కింద పొడవునా ఉండే సిల్, ఫ్లోర్, స్ప్రింగు పట్టీలు బిగించే చోట్లు కుళ్లితే బండి నడుము విరిగినట్టే. హెరాల్డ్‌కు కింద వేరే ఫ్రేమ్ ఉంది కాబట్టి బాడీ కుళ్లినా పని తేలిక, కానీ ఆ ఫ్రేమ్‌నే వెనక చివర వరకు తట్టి చూడాలి. ఒక చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకెళ్లండి. చక్రాల పైన ఒంపుల మీద, డోర్ల కింది అంచున, హెడ్‌లైట్ల చుట్టూ మెల్లగా జరపండి. పట్టుకుంటూ పోయి ఒక చోట చటుక్కున జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత లోపలి మ్యాట్లు ఎత్తి, డ్రైవరు మడమ ఆనే చోట, బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమంటే కొత్త రేకు పడాల్సిందే. జాకీ పెట్టి ఒక పక్క లేపాక డోరు మూసి చూడండి. నేల మీద సాఫీగా పడిన డోరు గాలిలో పట్టేస్తుంటే సిల్ బలం పోయింది. మొదట ఆ పక్కే రిపేరు చేయాలి, అదీ డోర్లు బిగించి ఉంచే చేయాలి. డోర్లు విప్పి వెల్డింగ్ చేస్తే ఆ సందు వంకర తిరిగిపోతుంది, మళ్లీ డోరు ఎప్పటికీ సరిగా పడదు.

ఇంజిన్ జామైనా, సీట్లు ఎలుకలు కొరికినా కొనొచ్చు. సిల్, ఫ్లోర్ రెండూ పోయి, పైన బీడింగులు, లైట్ల రింగులు కూడా లేని బండి మొదటిసారి చేసేవాళ్లకు వద్దు. ఇంజిన్ సామాను దొరుకుతుంది, నికెల్ పూత సామానే దొరకదు.

తాడు కట్టి లాక్కురావడం ఎంత దగ్గరైనా వద్దు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో బ్రేకు షూలు డ్రమ్ముకు అంటుకుపోయి ఉంటాయి. మొగిలి ఘాట్ దిగే దారిలో పట్టేసిన చక్రమూ ప్రమాదమే, అసలు పట్టని బ్రేకూ ప్రమాదమే. ఫ్లాట్ బెడ్ లారీ పిలవండి. బెల్టులు యాక్సిల్‌కు కట్టాలి, బంపరుకు కట్టకూడదు. చక్రం తిరగకపోతే వెనక వైపు అడ్జస్టర్ వదులు చేసి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో తట్టాలి. లాగిన లాగుడుకు షూ రేకు నుంచి లైనింగు ఊడి డ్రమ్ములో అడ్డం పడితే ఇంకా కష్టం.

ఇంటికి వచ్చాక ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పకండి. కార్తీకంలో తిరుపతి వైపు పడే వానలకు లోపలి తేమ బయటికి పోక, తోటలో పదేళ్లలో పట్టని తుప్పు ఆ కొద్ది వారాల్లో పడుతుంది. పైన రేకుల నీడ, నాలుగు పక్కలా గాలి, కింద ఇటుకల మీద బండి ఉంటే చాలు. సీట్లు బయటికి తీసి ఎండబెట్టండి. ఎలుక గూళ్లు తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు ఉండాలి.

ఒక్క బోల్టు విప్పకముందే ఫోన్‌తో అన్ని మూలలూ ఫొటోలు తీయండి. వైరు ఎటు నుంచి ఎటు పోతోంది, వాషరు స్ప్రింగుకు ముందా వెనకా అన్నది ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. విప్పిన సామాను ఒక్కో భాగానికి ఒక్కో సంచిలో వేసి, పేరు రాసి కట్టండి. అంబాసిడర్ బోల్టులు ఎక్కువగా అంగుళాల లెక్క. అర అంగుళం తలకు 13 నంబరు స్పానర్ వేస్తే వదులుగా కూర్చుంటుంది, తుప్పు పట్టిన బోల్టు మీద బలం పెట్టగానే తల గుండ్రమవుతుంది. అంగుళాల స్పానర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. అలాగే అంగుళాల మరలోకి మిల్లీమీటర్ బోల్టు బలవంతంగా తిప్పిన మెకానిక్ పని వల్ల పాడైన బ్లాకులు ఎన్నో ఉన్నాయి. ఫియట్‌ది మాత్రం మిల్లీమీటర్ లెక్కే.

ఇంజిన్ మోగించాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. కానీ మొదట బ్రేకులు. ఈ బండ్లలో బ్రేక్ లైను ఒక్కటే సర్క్యూట్. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, రెండో దారి లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి కదలని బండిలో ఆ తేమ బ్రేకు సిలిండర్ల అడుగున చేరి గుంటలు గుంటలుగా తుప్పు పట్టిస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే సిలిండర్‌లో పిస్టన్ తీసి వేలు పెట్టి చూడండి. గోరుకు గుంట తగిలితే కొత్త వాషర్ కిట్ వేసినా వారంలో కారుతుంది. లేత్ మీద స్లీవ్ వేయించాలి, లేదా కొత్త సిలిండర్ వేయాలి. అంబాసిడర్‌లో ముందు చక్రాలకు రెండేసి, వెనక చక్రాలకు ఒక్కోటి, మొత్తం ఆరు. మాస్టర్ సిలిండర్‌తో కలిపి ఏడూ ఒకేసారి చేయండి. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే, కొత్తగా పెరిగిన ఒత్తిడికి పాతవి వరసగా కారడం మొదలుపెడతాయి. రబ్బరు సామానును పెట్రోలుతో గానీ ఇంజిన్ ఆయిలుతో గానీ కడగకండి. అవి ఉబ్బి సిలిండర్‌లో పట్టేస్తాయి, పెడల్ వదిలినా బ్రేకు వదలదు. స్పిరిట్‌తో గానీ కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ తుడవాలి. రబ్బరు హోసులు పైకి బాగున్నా మార్చేయండి, లోపల వాచి దారి మూసుకుపోతాయి. పాత లైనింగుల పొడిలో పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిగుడ్డతో తీయండి. చివర్లో బ్రేక్ లైన్లలోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి, డబ్బాలో ఆయిల్ అడుగంటకూడదు. పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది.

తర్వాత పెట్రోల్ ట్యాంకు. దింపి, పాత పెట్రోలు ఒంపేసి, లోపల టార్చి వేసి చూడండి. తుప్పు ఉంటే నిమ్మ ఉప్పు మంచి మందు. లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల లెక్కన కలపాలి, అంబాసిడర్ ట్యాంకు 54 లీటర్లది కాబట్టి నిండా పోయాలంటే రెండు కిలోల ఏడు వందల గ్రాములు పడుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, ఒంపి, వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. తడిగా వదిలితే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లి ఉన్న ట్యాంకును ఖాళీ చేశాం కదా అని వెల్డింగ్‌కు ఇవ్వకండి. లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది, మనుషులు పోతారు. ఈ పని తెలిసిన రేడియేటర్ షాపుకే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ కార్ల నాటి రబ్బరు పైపులు, కార్క్ గ్యాస్కెట్లు, పెట్రోల్ పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. మెత్తబడి, పొరలు ఊడి కార్బరేటర్ జెట్లలో అడ్డుపడతాయి. ఇంజిన్ మీద పెట్రోలు కారితే అంటుకుంటుంది. ఇథనాల్‌కు ఓర్చుకునే పైపులే అడిగి తీసుకోండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపే బండిలో ఆ పెట్రోలు అలాగే వదిలేయకండి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అంతకుముందు నాటి బండి హెడ్ విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించడం మంచిది, లేకపోతే సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, గ్యాపు మూసుకుపోతుంది.

ఇక ఇంజిన్. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం ఈ దశలో చేయకూడని పని. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల నూనె పోయండి. ఆటోమేటిక్ గేర్ల ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపితే బాగా దిగుతుంది, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోవాలి. మూడు రోజులు ఆగి, ముందున్న హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే మళ్లీ పోసి ఆగండి. గేరులో వేసి బండిని తోస్తే అంటుకున్న రింగు విరిగి సిలిండర్ గోడ గీసుకుపోతుంది, మూడు రోజులు ఆగలేక సిలిండర్ బోరింగ్ ఖర్చు తెచ్చుకున్నట్టవుతుంది. తిరగడం మొదలయ్యాక పాత ఆయిల్ దించండి. అడుగున పాల రంగు కనిపిస్తే నీళ్లు కలిశాయి, హెడ్ విప్పక తప్పదు. బాగుంటే 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ నాలుగు లీటర్లకు కాస్త పైన పట్టి, కొత్త ఫిల్టర్ వేసి, ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్ తిప్పుతూ వాల్వులను నొక్కే రాకర్ల మీదికి ఆయిల్ వచ్చేదాకా చూడాలి. ఆ తర్వాతే ప్లగ్గులు, నిప్పు. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు పాయింట్ల గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గు 25 థౌ, వాల్వులు 15 థౌ, ఫైరింగ్ వరస 1-3-4-2.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, బ్లాకు లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. మొగిలి, భాకరాపేట ఘాట్లలో ఆగి బానెట్ ఎత్తుకునే పాత కార్లకు చాలాసార్లు రోగం ఇదే. రేడియేటర్‌ను కింది నుంచి పైకి నీళ్లు కొట్టి కడిగించి, డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం పోయండి. పెచ్చు వదిలాక బ్లాకు పక్కనున్న డమ్మీ ప్లగ్గులు (రేకు బిళ్లలు) కారితే కంగారు పడొద్దు, అవి అప్పటికే తుప్పు తినేసినవే.

గుడ్డ తొడుగు వైరింగ్ చేతిలో పొడిపొడి అయితే అతుకులు వేయకుండా మొత్తం కొత్తది కట్టించండి. బ్యాటరీ కలిపే ముందు బాడీకి ఏ తీగ పోతోందో చూడండి, బ్రిటిష్ తరహా పాత బండ్లలో పాజిటివ్ బాడీకి కలిపి ఉండేది.

సామాను కోసం చెన్నై జీపీ రోడ్డు, పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు మనకు పూట ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. పాత ముక్క చేతిలో పట్టుకునే వెళ్లండి. అంబాసిడర్ ఇంజిన్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానిది, హెరాల్డ్ అక్కడి ట్రయంఫ్ హెరాల్డే. కాబట్టి ఇక్కడ దొరకని గ్యాస్కెట్లు, బేరింగులు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. కొత్తది దొరికినా పాతది పారేయకండి. కొలతకు, వెనక వచ్చే పనికి అదే ఆధారం.

ఇవన్నీ అయ్యి, బండి ఓ ఐదారు వందల కిలోమీటర్లు తిరిగి, కారేవి కారి, ఊగేవి ఊగి, అన్నీ సర్దుకున్నాక రంగు గురించి ఆలోచించండి. కంపెనీ వేసిన రంగు సగానికి పైగా మిగిలి ఉంటే దాన్ని పాలిష్ పెట్టి ఉంచేయడమే నాకు నచ్చే పని.

చివరగా రిజిస్ట్రేషన్ విషయం, ఇందులో రవాణా శాఖకూ ఒక మనవి ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకు వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత 5,000. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిరగకూడదు. కాణిపాకం దాకా ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లాలనుకునేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లు ఫారం 25తో ఐదేళ్లకోసారి మామూలు రెన్యువల్ చేయించుకోవడమే మేలు. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుము 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం.

రెండు దారుల్లోనూ మొదటి అడ్డంకి ఒకటే. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబర్ల రికార్డులు చేతిరాత రిజిస్టర్లలో ఉన్నాయి, రవాణా శాఖ వాహన్ కంప్యూటర్‌లో చాలా నంబర్లు ఎక్కలేదు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటర్లో ఎక్కించడం) పడితే తప్ప పేరు మార్పు గానీ రెన్యువల్ గానీ ముందుకు కదలదు. ఆ రిజిస్టర్ల కాగితం పొడి అవుతోంది, పాత యజమానులూ ఒక్కొక్కరే పోతున్నారు. 2022లో పాత జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య చీలాక ఏ నంబరు రిజిస్టరు ఎక్కడుందో జనానికి తెలియడం లేదు. చిత్తూరు, తిరుపతి ఆర్టీవో ఆఫీసులు నెలకు ఒక రోజు ఈ బ్యాక్‌లాగ్ పనికే కేటాయించి, ఏ నంబర్ల రిజిస్టర్లు ఏ ఆఫీసులో ఉన్నాయో నోటీసు బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాను. ఆ జాబితా వస్తే మీ జిల్లా పేజీలో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు